కరెంటు పోతే మా ఇంటి సోలార్ కూడా ఆగిపోతోంది. అమ్మ ఆక్సిజన్ మిషనుకు ఏ బ్యాటరీ పెట్టాలి? హైడ్రోజన్ పనికొస్తుందా?

ఉద్దానం పోస్టుమాస్టరు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో కొబ్బరి తోటల మధ్య ఉన్న చిన్న పల్లె. ఊళ్లో బ్రాంచి పోస్టాఫీసు నేనే చూస్తాను. ప్రతిదీ రిజిస్టరులో రాసుకోవడం ఉద్యోగంలో అలవాటైంది, ఇంట్లోనూ అలాగే చేస్తాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. ఓపికగా చదవండి.

మా అమ్మకు 68 ఏళ్లు. పలాసలో జీడిపిక్కలు కాల్చే చోట పద్నాలుగేళ్లు, ఆ తరువాత పప్పు ఒలిచే చోట మరికొన్నేళ్లు పనిచేసింది. అక్కడి పొగ, ఇంట్లో కట్టెల పొయ్యి పొగ కలిసి ఊపిరితిత్తులను తినేశాయి. రోజుకు 16 గంటల పాటు, నిమిషానికి 2 లీటర్ల చొప్పున ఆక్సిజన్ ఇవ్వాలని డాక్టరు గారు రాసిచ్చారు. గాలి నుంచి ఆక్సిజన్ తీసే మిషను, 5 లీటర్ల కాన్సంట్రేటర్ కొన్నాం. దాని వెనుక రేకు మీద 350 వాట్లు అని ఉంది.

కరెంటు బిల్లుకు భయపడే నిరుడు ఇంటి మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించాను. పీఎం సూర్యఘర్ కింద 78,000 రూపాయల రాయితీ వచ్చింది. మంచి ఎండ ఉన్న రోజున 12, 13 యూనిట్లు వస్తున్నాయి. అంతవరకూ నాకు సంతోషమే.

మొన్న వానల్లో ఒక తెల్లవారుజామున గాలికి కొబ్బరి చెట్టు లైను మీద పడింది. ఉదయం ఆరింటికి కరెంటు పోయింది, మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. ఈలోగా వాన వెలిసి చక్కగా ఎండ కాసింది. ఆ తొమ్మిది గంటలూ పైన ప్యానెళ్లు ఎండలో మెరుస్తూనే ఉన్నాయి, కింద ఇన్వర్టరులో ఎర్రదీపం తప్ప ఏమీ లేదు. పెట్టినవాళ్లకు ఫోను చేస్తే ‘అది అంతేనమ్మా’ అన్నారు. అమ్మను ఆటోలో పడుకోబెట్టి పలాస తీసుకువెళ్లాను. దారి పొడవునా ఆమె నా చెయ్యి వదలలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా వీధికి మళ్లీ కరెంటు వచ్చేసరికి దీపావళి దగ్గరపడింది. అప్పుడు అమ్మ బాగానే ఉంది, మోకాళ్ల లోతు కొమ్మల్లో నడిచి నాకు అన్నం తెచ్చింది. అలాంటి తుపాను ఇప్పుడు వస్తే ఏమి చేయాలో నాకు తోచడం లేదు.

నా ప్రశ్నలు మూడు. ఎండ ఉన్నా ప్యానెళ్లు ఎందుకు ఆగిపోతున్నాయి? బ్యాటరీ పెడితే ట్యూబులర్ అనే సీసపు రకం మంచిదా, లిథియం మంచిదా? మూడోది మా మేనల్లుడి ప్రశ్న, వాడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. విశాఖ దగ్గర పూడిమడకలో హరిత హైడ్రోజన్ (సౌర, పవన విద్యుత్తుతో నీటి నుంచి తీసేది) కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన వార్త చదివినప్పటి నుంచి వాడికి ఒకటే ధ్యాస. ‘అత్తా, పగటి ఎండతో నీటిని విడగొడితే హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ వస్తాయి. హైడ్రోజన్‌తో రాత్రి కరెంటు చేసుకుందాం, ఆక్సిజన్ నాన్నమ్మకు ఇద్దాం’ అంటున్నాడు. పాత బైకు బ్యాటరీ, ఊరగాయ జాడీ, ఉప్పు కూడా సిద్ధం చేసుకున్నాడు. వాడి ఆలోచన వింటే నాకు కన్నీళ్లు వచ్చాయి. చేయనివ్వవచ్చా?

టెక్కలి సోలార్ ఫిట్టరు:

అక్కగారూ, మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. మీ ఇన్వర్టరు పాడు కాలేదు, దాన్ని అలా ఆగేటట్టే చేస్తారు. మీది లైనుతో ముడిపెట్టిన రకం. లైనులో కరెంటు ఉంటేనే దాని తాళానికి తాళం కలిపి ఇది పనిచేస్తుంది. లైను పోయిన మరుక్షణం ఆగాలి. ఎందుకంటే చెట్టు పడ్డ చోట లైన్‌మన్ స్తంభం ఎక్కి ఉంటాడు. మీ ఇంటి 230 వోల్టులు వెనక్కి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌లో దూరితే అవతలి పక్క 11,000 వోల్టులుగా బయటికి వస్తాయి. తిత్లీ తరువాత పక్క జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మన్లు మన ఊళ్లలో రాత్రీపగలూ స్తంభాలు ఎక్కారు. వాళ్లను కాపాడేది ఆ ఎర్రదీపమే. పెట్టినవాళ్లు ఈ మాట మీకు ముందే చెప్పి ఉండవలసింది. చెప్పకపోవడం తప్పు.

దీనికి దారి హైబ్రిడ్ ఇన్వర్టరు. లైను పోగానే ఇంటిని లైను నుంచి పూర్తిగా విడదీసి, బ్యాటరీ మీదా ప్యానెళ్ల మీదా నడుపుతుంది. ఉన్న ప్యానెళ్లు మార్చనక్కరలేదు. ముఖ్యమైన వాటికి వేరే బోర్డు పెట్టి, అమ్మగారి మిషను, ఒక ఫ్యాను, రెండు దీపాలు దాని మీదికి తేవాలి. నీళ్ల మోటారు దాని మీద పెట్టవద్దు. మిషనులో కంప్రెసర్ ఉంటుంది కనుక ప్యూర్ సైన్ వేవ్, అంటే లైను కరెంటులా నున్నటి అల, ఇచ్చేదే తీసుకోండి. మార్చే ముందు విద్యుత్ ఆఫీసులో కాగితం ఇచ్చి అనుమతి తీసుకోండి.

ఇంకొక మాట. తిత్లీ తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఈదురు వేగం 165 వరకూ ఉంది. అంత గాలిలో ప్యానెలు రెక్కలా లేస్తుంది. మనది ఉప్పు గాలి, బోల్టులు తొందరగా తుప్పు పడతాయి. ఏటా సెప్టెంబరులో ఒకసారి బిగింపులన్నీ చూపించుకోండి. కొబ్బరి మట్ట నీడ ప్యానెల్లో ఒక మూల పడినా రాబడి చాలా తగ్గుతుంది, దాన్ని కూడా చూసుకోండి.

నర్సు, విజయనగరం:

బ్యాటరీ సంగతి పెద్దలు చెబుతారు. నేను వార్డులో చూసేది చెబుతాను. మిషను ఉన్న ప్రతి ఇంట్లో ఒక నిండు సిలిండరు ఉండాలి. చిన్న బీ టైపు సిలిండరులో సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది, నిమిషానికి 2 లీటర్లు అయితే 12 గంటలకు పైగా వస్తుంది. పెద్ద డీ టైపులో 7,000 లీటర్లు, అంటే దాదాపు 58 గంటలు. గోడకు గొలుసుతో కట్టి నిలబెట్టండి. మీటరు, తాళంచెవి, గొట్టం దానికే వేలాడదీసి ఉంచండి. ఆ గదిలో అగరువత్తి కూడా వెలిగించవద్దు. కరెంటు పోయిందని భయపడి నిమిషానికి 2 లీటర్లను 4 చేయవద్దు. ఇలాంటి జబ్బులో ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్ముతుంది. డాక్టరు గారు రాసిన కొలతే ఇవ్వండి.

విశ్రాంత ఫిజిక్స్ లెక్చరరు, విజయనగరం:

అమ్మా, ముందుగా ఆ జాడీ పక్కన పెట్టించండి. ఇది ఈరోజే చెప్పండి. ఉప్పు నీటిలో కరెంటు పంపితే ఆక్సిజన్ రావలసిన కడ్డీ దగ్గర క్లోరిన్ కూడా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారికే అది విషం. అమ్మగారి ఊపిరితిత్తులకు ఒక్క పీల్పు కూడా తగలకూడదు. హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఆక్సిజన్ మిషను ఉన్న ఇంట్లో అసలు వద్దు.

కానీ మీ మేనల్లుడిని కోప్పడకండి. నలభై ఏళ్లు పాఠం చెప్పినవాడిగా చెబుతున్నాను, వాడు అడిగింది చాలా మంచి ప్రశ్న. మనుషుల కోసం ఆ పని చేస్తున్న చోటు ఒకటి ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు పీల్చే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం సౌర విద్యుత్తుతో నీటిని విడగొట్టి తీసేదే. అక్కడ చుట్టూ గాలి లేదు కనుక వేరే దారి లేదు. మన ఇంట్లో ఉంది.

లెక్క చేసి చూద్దాం, వాడికి కూడా చూపించండి. నిమిషానికి 2 లీటర్లంటే గంటకు 120 లీటర్లు, బరువులో సుమారు 160 గ్రాముల ఆక్సిజన్. నీటిని విడగొట్టి ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి ఇప్పటి యంత్రాలకు 50 నుంచి 55 యూనిట్లు పడుతుంది, దానితో పాటు 8 కిలోల ఆక్సిజన్ వస్తుంది. ఆ లెక్కన 160 గ్రాములకు దాదాపు ఒక యూనిట్. అంటే గంట సేపు 1,000 వాట్లు. మీ కాన్సంట్రేటర్ అదే పనిని 350 వాట్లతో చేస్తోంది. కారణం ఏమిటంటే, గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఇప్పటికే విడిగా ఉంది. మిషను లోపల జియోలైట్ గుళికలు ఉంటాయి. ఒత్తిడి పెంచితే అవి నైట్రోజన్‌ను పట్టుకుంటాయి, తగ్గిస్తే వదిలేస్తాయి. బియ్యంలో నూక జల్లించినట్టు. నీటిలోని ఆక్సిజన్ హైడ్రోజన్‌తో ముడిపడి ఉంది, ఆ ముడి విప్పడానికే అంత ఖర్చు.

ఇక రాత్రి కరెంటు సంగతి. పగలు 10 యూనిట్లు మిగిలాయి అనుకోండి. వాటితో సుమారు 190 గ్రాముల హైడ్రోజన్ వస్తుంది. దాన్ని ఫ్యూయెల్ సెల్‌లో, అంటే హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు తీసే పరికరంలో పెడితే తిరిగి వచ్చేది 3 యూనిట్ల పైచిలుకు. అదే 10 యూనిట్లు లిథియం బ్యాటరీలో వేస్తే 9 దాకా తిరిగి వస్తాయి. దాచే చోటు కూడా చూడండి. ఒత్తిడి పెట్టకుండా ఉంచితే ఆ 190 గ్రాములకు 2,300 లీటర్ల చోటు కావాలి. వంట గ్యాస్ సిలిండరు లోపలి చోటు 33 లీటర్లు. అలాంటివి డెబ్బై! కార్లలో 700 రెట్ల వాతావరణ పీడనానికి నొక్కి దాస్తారు. ఆ పని ఇంట్లో చేసేది కాదు.

అలాగని పూడిమడక వృథా అనుకోవద్దు. మన పొలాల్లో చల్లే యూరియాకు అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు హైడ్రోజన్ కావాలి. మన దేశంలో ఆ హైడ్రోజన్‌ను ఎక్కువగా సహజ వాయువు నుంచి తీస్తున్నారు, ఆ క్రమంలో కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతోంది. ఇనుప ఖనిజం నుంచి ఉక్కు తీయడానికి బొగ్గు బదులు హైడ్రోజన్ వాడవచ్చు. ఆ పనులు బ్యాటరీ చేయలేదు. 2010లో సోంపేట బీల (చిత్తడి) నేలల్లో బొగ్గు విద్యుత్ కేంద్రం వద్దన్నందుకు తూటాలు పేలి ప్రాణాలు పోయిన జిల్లా మీది. బొగ్గు లేని దారి దొరకాలని నా అంతగా మీరూ కోరుకుంటారని తెలుసు. ఆ దారిలో హైడ్రోజన్ ఉండవలసింది ఫ్యాక్టరీలో, బ్యాటరీ ఉండవలసింది ఇంట్లో.

మేనల్లుడికి ఒక కథ చెప్పండి. 1839లో ఫ్రాన్సులో ఎడ్మండ్ బెక్రెల్ అనే 19 ఏళ్ల కుర్రవాడు, ద్రావణంలో ముంచిన లోహపు రేకుల మీద వెలుగు పడితే కరెంటు పుడుతుందని కనిపెట్టాడు. మీ ఇంటి మీది ప్యానెలుకు మూలం అదే. అదే ఏడాది వేల్స్‌లో పుట్టిన విలియం గ్రోవ్, వృత్తికి న్యాయవాది, హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు తీయవచ్చని చూపాడు. ఆ రెండూ ఇళ్ల దాకా రావడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ సిలికాన్ సెల్‌ను 1954లో చూపించినప్పుడు దాని సామర్థ్యం 6 శాతం. ఇప్పుడు మీ ప్యానెలుది 20 దాటి ఉంటుంది. గ్రోవ్ ఆలోచనను ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బేకన్ 1959లో 5 కిలోవాట్ల దాకా తెచ్చాడు, అది చంద్రుడి దాకా వెళ్లిన అపోలో నౌకల్లోకి ఎక్కింది. అందులోంచి కరెంటుతో పాటు తాగేనీరు కూడా వచ్చేది. 1970 ఏప్రిల్‌లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. అక్కడ ఊపిరికీ కరెంటుకూ ఆధారం ఒకే ఆక్సిజన్. ఒక్క దెబ్బకు రెండూ పోయే స్థితి వచ్చింది. వ్యోమగాములు ముగ్గురూ పక్కనున్న చంద్రనౌకలోకి దూరారు. దానికి వేరే ఆక్సిజన్, వేరే బ్యాటరీలు ఉన్నాయి కనుక బతికారు. నర్సు గారు చెప్పిన సిలిండరు మీ ఇంటికి అలాంటిది. తప్పకుండా కొనండి.

పలాస బ్యాటరీల షాపు:

మాస్టారికి నమస్కారం. అందరూ లిథియం అంటున్నారు. పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా ట్యూబులర్ తరఫున నాలుగు మాటలు చెబుతాను. తిత్లీ తరువాత మా షాపు ముందు జనరేటరు పెట్టి ఊరి బ్యాటరీలన్నీ చార్జి చేశాను. ట్రాక్టరు బ్యాటరీతో కూడా ఇన్వర్టరు నడిపించాం. ట్యూబులర్‌లో ఒకటి పాడైతే ఆ ఒక్కటి మారుస్తాం, పలాసలో, సోంపేటలో, ఇచ్ఛాపురంలో ఎవరైనా చేస్తారు. పాతదానికి సీసం ధర వస్తుంది. లిథియంలో లోపలి కంట్రోలు బోర్డు పోతే ఇక్కడ ఎవరూ విప్పరు, కంపెనీవారు వచ్చేదాకా ఎదురుచూడాలి. తుపానులో రోడ్లు తెగితే వాళ్లు ఎలా వస్తారు?

టెక్కలి సోలార్ ఫిట్టరు:

అన్నా, రిపేరు సంగతి మీరు చెప్పింది నిజం, దాన్ని నేను తీసిపారేయను. కానీ అక్కగారి అవసరం చూడండి. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్లు నాలుగు పెడితే కాగితం మీద 7.2 యూనిట్లు. ఎక్కువ కాలం మన్నాలంటే సగమే వాడాలి, అంటే 3.6. నాలుగూ కలిపి రెండు క్వింటాళ్ల బరువు. డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి. చార్జి నిండే సమయంలో వాటిలోంచి హైడ్రోజన్ వస్తుంది. మాస్టారు ఇంట్లో వద్దన్న వాయువే అది, అమ్మగారి గదికి దూరంగా గాలి ఆడే చోట పెట్టాలి. 51.2 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఒక్కటి పెడితే 5.12 యూనిట్లు, అందులో 90 శాతం వాడుకోవచ్చు.

లిథియం అంటే ఫోన్లలో ఉండే కోబాల్టు రకం కాదు, ఐరన్ ఫాస్ఫేట్ రకం అని అడిగి తీసుకోండి. బిల్లు మీద ఎల్‌ఎఫ్‌పీ అని రాయించుకోండి.

విశ్రాంత ఫిజిక్స్ లెక్చరరు, విజయనగరం:

ఆ ఐరన్ ఫాస్ఫేట్ గురించి ఒక్కమాట. కోబాల్టు రకాన్ని 1980లో కనిపెట్టింది జాన్ గుడెనఫ్ బృందం. ఐరన్ ఫాస్ఫేట్‌ను 1997లో ప్రకటించిందీ ఆయన బృందమే, ఆ పరిశోధన పత్రం మీద పాధి, నంజుండస్వామి అనే మన దేశపు పేర్లు ఉన్నాయి. విట్టింగ్‌హామ్, యోషినోలతో కలిసి గుడెనఫ్‌కు 2019లో నోబెల్ వచ్చింది, అప్పటికి ఆయనకు 97 ఏళ్లు. కోబాల్టు రకం బాగా వేడెక్కితే తనలోంచే ఆక్సిజన్ వదిలి మంటను పెంచుతుంది. ఫాస్ఫేట్‌లో భాస్వరం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది, అంత తేలికగా వదలదు. ఆక్సిజన్ మిషను ఉన్న ఇంటికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కరలేదు.

సీసపు బ్యాటరీని చిన్నచూపు చూడనక్కరలేదు. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో చేసింది ఇప్పటికీ పలాస షాపులో బతికే ఉంది. షాపు వారిని అడుగుతున్నాను: అమ్మగారి ఇంటికి లిథియం పెట్టినా, తుపాను రోజుల్లో అత్యవసరానికి ఒక చిన్న ఇన్వర్టరు, చార్జి చేసిన ట్యూబులర్ ఒకటి అద్దెకు ఇవ్వగలరా?

పలాస బ్యాటరీల షాపు:

అద్దె మాట వద్దు మాస్టారూ. తుపాను హెచ్చరిక రాగానే ఆమె ఫోను చేస్తే చాలు, మా కుర్రవాడు తెచ్చి పెడతాడు. పిక్కలు కాల్చే చోట మా అమ్మ కూడా పనిచేసింది.

ఉద్దానం పోస్టుమాస్టరు:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ప్లగ్గు దగ్గర పెట్టే చిన్న మీటరు తెప్పించి నాలుగు రోజులు లెక్క రాశాను. 2 లీటర్ల మీద మిషను తీసుకునేది 310 వాట్లు. అమ్మకు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా, పగలు రెండు విడతలుగా ఏడు గంటలు పెడుతున్నాం. రాత్రికి మిషనుకు 2.8 యూనిట్లు, ఫ్యాను, దీపంతో కలిపి 3.2 అయింది. పగటికి మిషను ఒక్కదానికే 2.2. మరి మూడు రోజులు ముసురు పట్టి ప్యానెళ్లు సరిగ్గా పనిచేయకపోతే?

టెక్కలి సోలార్ ఫిట్టరు:

అక్కగారూ, మీ లెక్క చూసి చాలా సంతోషం వేసింది. 5.12లో 90 శాతం తీసుకుని, ఇన్వర్టరు నష్టం కొంత పోగొడితే చేతికి వచ్చేది 4.2 యూనిట్లు. మొదటి రాత్రి 3.2 పోతే 1 మిగులుతుంది. ముసురు రోజున మామూలు రాబడిలో ఐదో వంతు అనుకుందాం, అంటే 2.4. అది పగటి మిషనుకే సరిపోతుంది. రెండో రాత్రి నుంచి నర్సు గారు చెప్పిన డీ టైపు సిలిండరు వాడాలి. రాత్రికి 9 గంటల చొప్పున 58 గంటలంటే ఆరు రాత్రులు. ఎండ రాగానే బ్యాటరీ మళ్లీ నిండుతుంది. డబ్బు సమకూరినప్పుడు అలాంటి బ్యాటరీ ఇంకొకటి పక్కనే కలపవచ్చు, అలా కలపడానికి వీలున్న ఇన్వర్టరే ఇప్పుడు తీసుకోండి.

తుపాను హెచ్చరిక విన్న రోజున ఇన్వర్టరు సెట్టింగులో బ్యాటరీని నిండుగా ఆపి ఉంచాలి. మామూలు రోజుల్లో రాత్రి దాన్ని వాడుకోవచ్చు. ఆ మీట ఎక్కడుందో మీకూ, మేనల్లుడికీ ఇద్దరికీ చూపిస్తాను. ఒక్కరికే తెలిసి ఉంటే ఆ ఒక్కరు ఊళ్లో లేని రోజే తుపాను వస్తుంది.

ఉద్దానం పోస్టుమాస్టరు:

డీ టైపు సిలిండరు నిన్న వచ్చింది. అమ్మ మంచం తలవైపు గోడకు గొలుసు వేయించాను. దేవుడి దీపం వసారాలోకి మార్చాం. బ్యాటరీకి మెట్ల కింద చోటు కొలిచాను: వెడల్పు మూడు అడుగులు, ఎత్తు నాలుగు, వాన జల్లు పడదు.

మేనల్లుడు ఉప్పు జాడీ ఆవల పెట్టాడు. లెక్చరరు గారి లెక్క అంతా నా పాత రిజిస్టరు వెనుక పేజీలో ఎత్తి రాసుకున్నాడు. అక్కడితో ఆగలేదు. లిథియం బదులు సోడియంతో బ్యాటరీ చేస్తామని చైనా కంపెనీ సీఏటీఎల్ 2021లో ప్రకటించిందని ఎక్కడో చదివాడట. ‘సోడియం ఉప్పులోనే ఉంది కదా అత్తా, మన నౌపడ ఉప్పు పనికిరాదా?’ అని అడుగుతున్నాడు. మాస్టారూ, వాడికి ఏమి చెప్పమంటారు?

విశ్రాంత ఫిజిక్స్ లెక్చరరు, విజయనగరం:

పనికొస్తుందని చెప్పండి. ఉప్పు నుంచి సోడా తీస్తారు, ఆ సోడా నుంచి సోడియం బ్యాటరీకి కావలసిన పదార్థాలు తీస్తారు. బరువుకు తగినంత కరెంటు దాచడంలో అది ఇంకా లిథియం కన్నా వెనుకబడి ఉంది. కానీ మెట్ల కింద కదలకుండా ఉండే బ్యాటరీకి బరువుతో పనేముంది? డిగ్రీలో రసాయన శాస్త్రం తీసుకోమనండి. వేసవి సెలవుల్లో విజయనగరం పంపండి, వాషింగ్ సోడా నీళ్లు, పెన్సిలు ముళ్లు, 9 వోల్టుల బ్యాటరీ పెట్టి, ఆరుబయట, పరీక్షనాళికలో నీటిని విడగొట్టే ఆ ప్రయోగం నేనే దగ్గరుండి చేయిస్తాను.